సోమవారం చల్లబడే మట్టి

గడ్డి విత్తనాల సంచి ఒక్కటే వచ్చింది. దాన్ని నాన్న చేతిలో పెడుతూ సూపరింటెండెంటు గారు అన్న మాట కూడా ఒక్కటే.

"ఇదే ఆఖరు. ఈసారీ మొలవలేదంటే ముందు ఆవరణంతా టైల్స్ వేయించేస్తాను. కొత్త వార్డు తెరిచే రోజుకి నాకక్కడ ఉత్త మట్టి కనిపించకూడదు."

నాన్న ఆ ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా తోటమాలి. ఆవరణ అంటే గేటుకీ, రెండు వార్డుల కిటికీలకీ మధ్య ఉండే పచ్చిక. నడవగలిగిన రోగులు సాయంత్రంపూట అక్కడ చెప్పులు విడిచి నడిచేవారు. లేవలేనివాళ్ళు మంచాల మీద నుంచే చూసేవారు. ఆ గడ్డి గురించి ఎవరైనా ఒక మంచి మాట అంటే నాన్న ఇంటికి వచ్చి అమ్మకి రెండుసార్లు చెప్పేవాడు. మొదటిసారి మామూలుగా, రెండోసారి ముందు చెప్పిన సంగతి మర్చిపోయినట్టు.

రెండేళ్ళ కిందట లాండ్రీ నుంచి కొత్త పైపు వేస్తామని గోడ పొడుగునా తవ్వారు. తవ్విన మట్టంతా పచ్చిక మీదే కుప్పలు పోశారు. ఆ కుప్పల మధ్య లారీలు తిరిగాయి. పని పూర్తయ్యేసరికి గడ్డి చచ్చిపోయింది.

కిందటేడు సూపరింటెండెంటు గారు గోడమీది క్యాలెండరులో ఒక తేదీకి ఎర్ర సున్నా చుట్టి, ఆ రోజే విత్తమన్నారు. నాన్న విత్తాడు. ఆ వెంటనే వారం రోజులు ముసురు, చలి. గింజల్లో సగం మట్టిలోనే ఉబ్బి కుళ్ళిపోయాయి. మిగతా సగంతో పిట్టలకి విందు జరిగింది. సూపరింటెండెంటు గారికి అన్నిటికీ ఒక తేదీ ఉంటుంది. గోడలకి సున్నానికో తేదీ, ట్యాంకు కడగడానికో తేదీ, కిటికీ తెరలు మార్చడానికో తేదీ. అందుకే మేమాయన్ని 'తేదీల సారు' అంటాం. ఇంట్లో మాత్రమే.

నేను నాయనమ్మ దగ్గర ఉండి మా ఊరి బడిలో పదో తరగతి చదివాను. పరీక్షలు అయిపోగానే అమ్మానాన్నల దగ్గరికి వచ్చాను. ఆసుపత్రి వెనక రెండు గదుల ఇల్లు మాది. ఎత్తు కొండల మీది ఊరు కావడంతో వేసవి వచ్చినా అక్కడ తెల్లవారుజామున చలి వదలదు. ఆ సంచి ఇంటికి వచ్చిన సాయంత్రం నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనకవైపు చిన్న అక్షరాలు చూసి, నా ముందు పెట్టాడు.

"చదువు తల్లీ. ఇంత చిన్నగా రాశారంటే పనికొచ్చే మాటే అయ్యుంటుంది."

చదివాను. రెండు అంగుళాల లోతున మట్టి వేడి, ఉదయంపూట, వరసగా ఐదు రోజులు పద్దెనిమిది డిగ్రీలకి తగ్గకుండా ఉంటేనే విత్తాలట.

"గాలి వేడి కాదా?"

"కాదు నాన్నా. మట్టి వేడి."

నాన్న తొడ మీద చరుచుకున్నాడు. "అదీ సంగతి! గాలికేముంది, మధ్యాహ్నం వేడెక్కుతుంది, సాయంత్రానికి మర్చిపోతుంది. మట్టి అలా కాదు. వేడెక్కడానికి నిదానం, చల్లారడానికి ఇంకా నిదానం. అచ్చం మీ అమ్మ కోపంలాగ."

"నాకు చెవులున్నాయి," అంది అమ్మ వంటగదిలోంచి.

అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు ఉడికించే తొట్టిలో నీళ్ళ వేడి చూడ్డానికి ఒక థర్మామీటరు ఉండేది. గుండ్రటి ముఖం, కింద జానెడు ఇనప ముల్లు. కొత్తది రావడంతో పాతదాన్ని మూలన పడేశారు. మర్నాడు అమ్మ అడిగి దాన్ని తెచ్చింది. అది నిజం చెబుతుందో లేదో ముందు తెలియాలి కదా. కరిగే ఐసుముక్కల్లో పెడితే సున్నా చూపించాలని మా బడిలో సైన్సు టీచరు చెప్పింది. అమ్మ క్యాంటీన్ నుంచి గ్లాసుడు ఐసు తెచ్చింది. ముగ్గురం గ్లాసు చుట్టూ కూర్చుని చూశాం. ముఖం మీది చిన్న ముల్లు మెల్లగా దిగి దిగి సున్నా మీద ఆగింది.

"పాతదే గాని నిజాయితీపరురాలు," అన్నాడు నాన్న. "రోజూ పొద్దున్న ఏడింటికి కొలవడం నీ పని. నీ డైరీ ఉంది కదా, అందులో రాసెయ్యి."

ఆ విధంగా నా డైరీలో ప్రతి పేజీ పైమూలా ఒక అంకె చేరింది. అంకె కింద ఆనాటి సంగతులు.

నాన్న ఎక్కడ కొలవాలో చెప్పలేదు. ఎక్కడ కొలుస్తున్నానో అడగనూ లేదు. ఆవరణ మధ్యలో నిలబడితే రెండు వార్డుల కిటికీలూ నన్నే చూస్తాయి. నలభై కిటికీలు, ఒక్కో కిటికీకి కనీసం ఒక మనిషి. నేను అటు పోలేదు. గోడ వారగా కొళాయి పక్కన ఒక గుబురు పొద ఉంది. దాని వెనక కూర్చుంటే ఎవరికీ కనపడను. రోజూ అక్కడే ముల్లు గుచ్చి, అంకె చూసి, తలెత్తకుండా ఇంటికి వచ్చేదాన్ని.

నన్ను చూసేది గేటు బాబాయి ఒక్కడే. ఆయన కాపలా గది ఆ మూలకే ఉంది.

"ఏం డాక్టరమ్మా, నేలకి జ్వరం ఎంతుంది?"

నేను జవాబు చెప్పేదాన్ని కాదు.

"పోనీ మాత్ర ఏమైనా రాసిచ్చావా?"

అప్పటికి నేను సగం దూరం వెళ్ళిపోయి ఉండేదాన్ని.

మొదటి వారం ముల్లు పదిహేను దాటలేదు. రెండో వారం పదహారు. ఈలోగా ఈ ఏటి క్యాలెండరులో ఆయన ఎర్ర సున్నా చుట్టిన తేదీ వచ్చి వెళ్ళిపోయింది. సూపరింటెండెంటు గారు నాన్నని గేటు దగ్గరే ఆపి అడిగారు.

"విత్తావా?"

"లేదండి. మట్టి ఇంకా నిద్ర లేవలేదండి."

"మట్టి లేచేదాకా ఆగితే నా కొత్త వార్డు ఆగుతుందా?"

"తొందరపడి కిందటేడు ఒక సంచి పోగొట్టుకున్నామండి. ఉన్నది ఇది ఒక్కటే. అమ్మాయి రోజూ కొలుస్తోందండి."

"అమ్మాయి కొలుస్తోంది!" అంటూ ఆయన లోపలికి వెళ్ళిపోయారు. నాన్న జీవితంలో ఆయన మాటకి అడ్డం చెప్పడం అదే మొదటిసారి. అదీ నా అంకెలు చూసుకుని.

నాలుగో వారం మంగళవారం ముల్లు పద్దెనిమిది తాకింది. బుధవారం కూడా అంతే. గురువారం, శుక్రవారం పద్దెనిమిదిన్నర, శనివారం పంతొమ్మిది. ఐదు రోజులూ నిండాయి! శనివారం సాయంత్రం నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మరీ ఆఫీసుకి వెళ్ళాడు.

"సోమవారం పొద్దున్న విత్తుతామండి. మట్టి సిద్ధం."

"హమ్మయ్య," అన్నారట ఆయన. "సరే, నేనే వచ్చి చూస్తా. అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకురా. ఫైలులో పెడతా."

ఆదివారం మధ్యాహ్నం నాన్న పెరట్లో ఇసుక జల్లిస్తున్నాడు. గడ్డి గింజలు మరీ సన్నం. ఇసుకతో కలిపి చల్లితే తప్ప సమంగా పడవు. నేను గడప మీద కూర్చుని డైరీలోని అంకెల్ని కాగితం మీదకి ఎక్కిస్తున్నాను. వారానికో వరస. ఒకదాని కింద ఒకటి నాలుగు వరసలు వచ్చేసరికి నా కలం ఆగిపోయింది.

అంతవరకు పేజీకో అంకెగా చూశాను, కాబట్టి కనపడలేదు. ఇప్పుడు సోమవారాలన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. తొమ్మిది. పదిన్నర. పన్నెండు. పదమూడు. వాటి ముందరి శనివారాలు పదిహేనూ, ఆ పైనా. ఆదివారం కొంచెం తగ్గుతోంది, సోమవారం బాగా తగ్గుతోంది, మంగళవారం మళ్ళీ లేస్తోంది. ప్రతి వారం అంతే. ఆ రోజుల్లో నేను 'చల్లగాలి' అని రాసుకున్నాను. గాలికి సోమవారం అని ఎలా తెలుస్తుంది?

అమ్మ పక్కనే బట్టలు మడత పెడుతోంది.

"అమ్మా, ఆసుపత్రిలో ఆదివారం ఏమిటి తేడా?"

"తేడా ఏముంది, రోగాలకి సెలవా ఏమన్నానా? మా లాండ్రీకి సెలవు, అంతే. మళ్ళీ సోమవారం ఎనిమిదింటికి గాని తొట్టి వెలిగించం."

"మిగతా రోజుల్లో?"

"తెల్లారి ఐదింటికే. దుప్పట్లు ఉడికించి, ఆ మరిగే నీళ్ళు గోడ పక్క కాలవలోకి..." అమ్మ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "కాలవ కాదు. ఇప్పుడు పైపు కదూ."

ఆ పైపు నా పొద కిందనుంచే పోతుంది.

అమ్మకి ఆ నీళ్ళు వేడివని తెలుసు. పైపు అక్కడ ఉందని నాన్నకి తెలుసు, దాని మీద మట్టి కప్పింది నాన్నే. ముల్లు గుచ్చింది నేను. ముగ్గురం రోజూ ఒకే చోట కూర్చుని తింటూ కూడా ఈ మూడు సంగతులూ ఎప్పుడూ ఒకచోట పెట్టి చూడలేదు. నెల రోజులుగా నేను కొలిచింది మట్టి వేడి కాదు, దుప్పట్లు ఉడికించిన నీళ్ళ వేడి.

పెరట్లోకి వెళ్ళాను. నాన్న కూనిరాగం తీస్తూ జల్లెడ ఊపుతున్నాడు. చెప్పకుండా ఉండిపోతే? రేపు విత్తుతారు. గింజలు కుళ్ళుతాయి. అప్పుడు అందరూ వానని తిడతారు, నన్నెవరూ ఏమీ అనరు. ఈ ఆలోచన నాకు వచ్చిన మాట నిజం. ఒక జల్లెడు ఇసుక రాలేటంత సేపు ఉంది.

"నాన్నా, రేపు విత్తకూడదు."

చెప్పాను. ఎక్కడ కొలిచానో, ఎందుకక్కడ కొలిచానో, అంతా. నాన్న జల్లెడ కింద పెట్టాడు. అరచేతులకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. ఇసుక మొత్తం పోయాక కూడా చాలాసేపు దులుపుకుంటూనే ఉన్నాడు.

"కిటికీలకి సిగ్గుపడ్డావా?"

తల ఊపాను.

"రేపు ఏడింటికి నాతో రా. మధ్యలో కొలుద్దాం." అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున్న ఆవరణ అంచున నాన్న ఆగిపోయాడు. "నడు. థర్మామీటరు నీ దగ్గరుంది, నా దగ్గర కాదు."

నడిచాను. నలభై కిటికీలు. వీపు మీద చీమలు పాకినట్టుంది. మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ముల్లు గుచ్చాను. పదమూడు. పది అడుగులు జరిగి మళ్ళీ గుచ్చాను. పన్నెండున్నర. మొత్తం తొమ్మిది చోట్ల చూశాను. ఎక్కడా పదమూడున్నర దాటలేదు.

ఎనిమిదింటికి సూపరింటెండెంటు గారు వచ్చారు. వెనకాల గేటు బాబాయి కూడా.

"ఏదీ, మొదలుపెట్టండి."

"ఈ రోజు కాదండి," అన్నాడు నాన్న. "కొలతలో పొరపాటు జరిగిందండి. మట్టి ఇంకా చల్లగానే ఉంది."

ఆయన ముఖం ఎర్రబడింది. "నెల రోజులు ఆపావు. మొన్న సిద్ధం అన్నావు. ఈ రోజు కాదంటున్నావు. ఏమయ్యా, నేను నీ కంటికి ఎలా కనిపిస్తున్నాను?"

"పొరపాటు నాదేనండి..."

"కాదు సార్," అన్నాను. గొంతు సన్నగా వచ్చింది. "నాన్నది కాదు. నాది."

కాగితం చూపించాను. సోమవారాలు చూపించాను. పైపు సంగతి చెప్పాను. మాటలు ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి గాని మొత్తానికి అన్నీ వచ్చాయి. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు.

"ఇది నిన్న కూర్చుని రాసింది. ఎలాగైనా రాయొచ్చు. అసలు పుస్తకం ఏది?"

డైరీ నా చేతిలోనే ఉంది. ఇంతవరకు అది అమ్మకి కూడా ఇవ్వలేదు. నాన్న వైపు చూశాను. నాన్న నేల వైపు చూస్తున్నాడు. పదకొండేళ్ళుగా తను నీళ్ళు పోసిన నేల. డైరీ ఇచ్చేశాను.

ఆయన ఒక్కో సోమవారం వెతికి చూశారు. మూడో సోమవారం దగ్గర ఆగిపోయి, పైకే చదివారు.

"పన్నెండు. చల్లగాలి. తేదీల సారు నాన్నని మళ్ళీ నిలదీశారు. ఆయన క్యాలెండరుని పాతిపెడితే పన్నెండు నెలలూ మొలుస్తాయేమో."

గేటు బాబాయికి హఠాత్తుగా దగ్గు వచ్చింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరీ తేదీల సారు?"

ఆ నిమిషం నేలలోకి దిగిపోదామంటే అది పదమూడు డిగ్రీల్లో ఉంది.

"మీరే సార్," అన్నాను.

ఆయన డైరీ మూసి నా చేతికి ఇచ్చారు. పెదవి ఒక వైపు కొంచెం వంగింది. అది కోపం కాదని నాకు చాలాసేపటికి గాని అర్థం కాలేదు.

"తనకి తిట్లు తినిపించే పుస్తకం తెచ్చి నా చేతికిచ్చిన పిల్ల అంకెలు మార్చి రాయదులే," అన్నారు నాన్నతో. "వార్డు తెరవడానికి ఇంకా ఆరు వారాలుంది. మూడు వారాలు ఇస్తున్నా. ఆ లోపల విత్తకపోతే టైల్స్ లారీ వస్తుంది. ఇక నన్నేమీ అడగొద్దు."

ఆ రోజే నాన్నా నేనూ దంతె కర్రలు పట్టుకున్నాం. కిందటేడు మొలిచి ఎండిపోయిన కలుపు చాపలా నేలని కప్పేసి ఉంది. దాన్ని గీకి తీసేస్తే ఎండ నేరుగా మట్టి మీద పడుతుందని నాన్న అన్నాడు. రెండు రోజులు పట్టింది. నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. మూడో రోజుకి మట్టి నల్లగా, శుభ్రంగా, ఎండలో ఆవిరి కక్కుతూ బయటపడింది.

ఇప్పుడు రోజూ ఏడింటికి మధ్యలోనే కొలుస్తున్నాను. తొమ్మిది చోట్ల. పద్నాలుగు. పద్నాలుగున్నర. పదిహేను. నాలుగో రోజున ఒక కిటికీలోంచి ఒక అవ్వ పిలిచింది.

"అమ్మాయ్, రోజూ ఏం గుచ్చుతున్నావు అక్కడ?"

"మట్టి వేడి చూస్తున్నా అవ్వా."

"ఎంతుంది?"

"పదిహేను."

"ఎంత రావాలి?"

"పద్దెనిమిది."

"వస్తుందిలే. నాకు మాత్రం నూటొకటి నుంచి కిందకి రావాలట," అంది అవ్వ. పక్క కిటికీలోనూ ఎవరో నవ్వారు. మర్నాటి నుంచి నేను ముల్లు తీసేలోపే "ఇవాళ ఎంత?" అని నాలుగైదు కిటికీలు అడిగేవి. మొదట్లో వేళ్ళతో చూపించాను. తర్వాత చెప్పక తప్పలేదు. అంత దూరం వినపడాలంటే గట్టిగానే చెప్పాలి.

పన్నెండో రోజున, శుక్రవారం, పద్దెనిమిది తాకింది. మర్నాడూ తగ్గలేదు. మూడో రోజు పొద్దున్న నా పక్కన ఒక నీడ పడింది. సూపరింటెండెంటు గారు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని నా ఎదుట కూర్చున్నారు. ముల్లు కేసి చూశారు.

"పద్దెనిమిదిన్నర," అన్నారు తనలో తాను. "ఇంకా రెండు రోజులు కదూ?"

"అవును సార్. రేపూ, ఎల్లుండీ."

"రేపు సోమవారం. సోమవారం తగ్గదు కదా?"

"ఇక్కడ పైపు లేదు సార్."

సోమవారం తగ్గలేదు. మంగళవారం పంతొమ్మిది.

మంగళవారం ఎనిమిదింటికి విత్తాం. ఇసుక కలిపిన గింజల్లో సగాన్ని గేటు నుంచి వార్డు వైపు నడుస్తూ నాన్న చల్లాడు. మిగతా సగాన్ని గోడ నుంచి గోడకి అడ్డంగా నడుస్తూ నన్ను చల్లమన్నాడు. అలా చేస్తే ఎక్కడా వెలితి ఉండదట. తర్వాత దంతెతో పైపైన ఒకసారి దువ్వి, బరువు తక్కువ రోలరు దొర్లించాడు. సన్నటి జల్లు రోజుకి మూడుసార్లు. మట్టి ఆరకూడదు, గింజ కొట్టుకుపోకూడదు. పిట్టల్ని తోలే పని గేటు బాబాయి తనకి తానే పుచ్చుకున్నాడు. "డాక్టరమ్మ కాన్పు చేస్తోంది, పోండి పోండి!" అని తువ్వాలు ఊపుతూ అరిచేవాడు.

ఎనిమిదో రోజు పొద్దున్న నిలబడి చూస్తే ఏమీ లేదు. వంగి చూసినా లేదు. చివరికి నేల మీద బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి, సూర్యుడి వైపు చూశాను. మట్టి మీద ఆకుపచ్చటి పొగ లాంటిది ఉంది. సూది మొన కన్నా సన్నటి మొలకలు, ఒక్కోదాని కొసన ఒక్కో నీటి చుక్క, గేటు దాకా.

"అమ్మాయ్!" అవ్వ కిటికీలోంచి కేక వేసింది. "పడిపోయావా ఏంటి?"

"లేదు అవ్వా! మొలిచింది! మొత్తం మొలిచింది!"

నా గొంతు ఎదురు గోడకి తగిలి నాకే వినిపించింది. నలభై కిటికీల్లోనూ తలలు. నాన్న నీళ్ళ గొట్టం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నేను లేవలేదు. నాన్న కూడా నా పక్కనే బోర్లా పడుకున్నాడు. లాండ్రీ గుమ్మంలోంచి అమ్మ చూసి, "తండ్రీ కూతుళ్ళకి బట్టలు ఉతికేది నేనే, గుర్తుందా?" అంది. కోపం మాత్రం లేదు.

టైల్స్ లారీ రాలేదు. కొత్త వార్డు తెరిచేనాటికి గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగింది. ఎవరో పెద్ద డాక్టరు వచ్చి ఆవరణ అంచున ఆగి, చెప్పులు విడవొచ్చా అన్నట్టు కిందకి చూసి, "దీన్నెవరు చూసుకుంటారు?" అని అడిగారు. నేను అమ్మ పక్కన, చివరి వరసలో నిలబడి ఉన్నాను.

సూపరింటెండెంటు గారు నాన్న భుజం మీద చెయ్యి వేశారు. "ఈయన చూసుకుంటాడు. ఎప్పుడు విత్తాలో మాత్రం వీళ్ళమ్మాయిని అడుగుతాం."

ఇంటికి రాగానే నాన్న అమ్మకి ఆ మాట చెప్పాడు. అమ్మ అక్కడే ఉండి విన్న మాటే, అయినా మళ్ళీ వింది. అన్నం తింటూ మధ్యలో నాన్న తలెత్తాడు.

"అన్నట్టు, ఇవాళ సూపరింటెండెంటు గారు ఏమన్నారో చెప్పానా?"

"లేదే," అంది అమ్మ. "చెప్పండి."

నేను తల వంచుకుని తింటున్నాను. ఆ తర్వాత డైరీ తీసి, పైమూల ఇరవై రెండు అని రాసి, దాని కింద ఆ మాట రాసుకున్నాను. నేనూ రెండుసార్లే.